మోరిస్ బండికి పజోరు

రేడియేటరు మూత ఇప్పుడే తీయకూడదు, ఆవిరి తగ్గే దాకా ఆగాలి, తొందరపడితే చెయ్యి కాలుతుంది అని మేట్రన్ చెప్పింది, చెప్పి పాతికేళ్లు దాటింది, చెప్పింది వేరే దేశంలో, వేరే కొండ మీద, వానలో, అయినా ఇప్పుడు అరకు ఘాట్ రోడ్డులో డముకు దాటాక వచ్చే మలుపులో, ఇంజను ఆపేసి స్టీరింగు మీద రెండు చేతులూ వేసుకుని కూర్చున్న మగ్దలేనమ్మకి ఆ మాట మేట్రన్ గొంతుతోనే వినిపించింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది. రోడ్డుకి అడ్డంగా వెదురు బొంగు ఉంది. బొంగుకి ఒక కొసన రాయి కట్టారు, రెండో కొసన తాడు కట్టారు, తాడు దేముడమ్మ చేతిలో ఉంది, దేముడమ్మ వెనక ఊరి ఆడవాళ్లంతా ఉన్నారు. ఇటుకల పండగ. చైత్రంలో ఈ పండగ రోజుల్లో మగవాళ్లు అడవిలోకి వేటకి పోతారు, ఆడవాళ్లు రోడ్డు మీదకి వస్తారు, దాటబోయే ప్రతి బండినీ ఆపి పజోరు అడుగుతారు, డబ్బు చేతిలో పడ్డాక పాట పాడి బొంగు ఎత్తుతారు, బస్సయినా లారీ అయినా పోలీసు జీపయినా అంతే. ఇది తెలిసే మగ్దలేనమ్మ చిల్లర సంచిలో వేసుకుని బయల్దేరింది. పక్క సీట్లో ఉన్న గణపతిరావు గారికి తెలీదు. ఆయన విశాఖపట్నం కస్టమ్స్‌లో అప్రైజరు, అంటే ఓడ దిగిన సరుకు చూసి దాని విలువ ఇంత అని చెప్పే మనిషి, ఆయన చెప్పిన విలువ మీదే సుంకం వేస్తారు. ఈ కారు విలువ ఆయన ఇంకా చెప్పలేదు. చెప్పడానికే వచ్చారు.

వాడిన పాత బండి అని ఆయన అంటే హార్బరులో ముందుగా కట్టిన డబ్బు సరిపోతుంది, బండి మగ్దలేనమ్మదవుతుంది. కాదు, ఇది పాత కార్లు పోగేసేవాళ్లు ఎగబడి కొనే రకం అని ఆయన అంటే విలువ ఎక్కడికో పోతుంది, విలువ వెంట సుంకం పోతుంది, అంత డబ్బు ఆమె దగ్గర లేదు, హామీ మీద సంతకం పెట్టి తెచ్చుకున్న బండిని తిరిగి హార్బరులో అప్పజెప్పాలి, అక్కడ దాన్ని వేలం వేస్తారు. కొండ మీద కాఫీ తోటలో ఆమె వాటా ఉంది. అది అమ్మనని జనవరిలోనే తమ్ముడితో అనేసింది, తోట నాన్న పెట్టింది, బండి నేను తెచ్చుకుంది, ఒకదాని కోసం ఇంకోదాన్ని తియ్యను అని. అన్నప్పుడు తేలిగ్గానే అంది. జనవరిలో బండి ఇంకా రేవులో షెడ్డు కింద ఉంది, ఈ మూడు నెలల్లో సంతకి పోయింది, చర్చికి పోయింది, సుంకరమెట్ట దాకా పోయి ఊరికే వెనక్కి వచ్చింది, ఇప్పుడు అలా అనమంటే అంత తేలిగ్గా రాదు ఆ మాట. లెక్క మాత్రం కంఠతా వచ్చేసింది, చిన్నప్పుడు చర్చిలో ఉపదేశి గారు నేర్పిన ప్రశ్నోత్తరాల్లాగా. విదేశంలో ఏళ్ల తరబడి ఉండి తిరిగొచ్చేవారు ఏం తెచ్చుకోవచ్చు? తాము వాడుకున్న కారు ఒకటి తెచ్చుకోవచ్చు. దాని విలువ ఎలా కడతారు? కొత్తగా ఉన్నప్పటి ధర తీసుకుని ఏటేటా కొంత తగ్గిస్తారు. ఎంతవరకు తగ్గిస్తారు? ఒక హద్దు వరకు. ఆ తరవాత? ఓడ కిరాయి కలుపుతారు, బీమా కలుపుతారు, ఆ మొత్తం మీద సుంకం వేస్తారు, సుంకం కలిపిన మొత్తం మీద ఇంకో సుంకం వేస్తారు. సుంకం మీద సుంకం ఏటప్పా, ముద్ద మీద ముద్దలాగ, అని తమ్ముడు ఎలీయేజరు ఆ రోజు హార్బరులో అడిగాడు. అక్కని అప్ప అనడం వాళ్లింటి అలవాటు. వాడిప్పుడు వెనక సీట్లో ఉన్నాడు, నోరు మూసుకుని ఉన్నాడు, మూసుకుని ఉండాల్సింది అయిదు నిమిషాల ముందు.

"రసీదు ఇస్తారా అమ్మా?" అని గణపతిరావు గారు కిటికీలోంచి అడిగారు.

"రసీదేటి బాబూ? పాట పాడతాం. అదే రసీదు," అంది దేముడమ్మ.

ఆడవాళ్లు నవ్వారు. మగ్దలేనమ్మ నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగింది. ఆయన మంచివాడే, పొద్దున విశాఖ నుంచి వస్తూ కొత్తవలస దగ్గర కాఫీ ఆయనే ఇప్పించాడు, డబ్బు ఇవ్వనివ్వలేదు, పార్టీ దగ్గర కాఫీ తాగకూడదు మేడమ్ అన్నాడు, అంటే సరుకు తెచ్చుకున్న తను పార్టీ. పరాయి దేశపు ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్లు సిస్టర్ అనిపించుకుంది, ఇక్కడికొచ్చాక నర్సమ్మ, హార్బరులో పార్టీ. అక్కడ క్రేను దగ్గర పని చేసే అతనొకడు బండి ఓడలోంచి కిందికి దిగుతున్నప్పుడు తల పైకెత్తి చూసి, ఏటమ్మా, ఇక్కడ దొరకట్లేదని అక్కడి నుంచి అంబాసిడరు తెచ్చుకున్నావా అన్నాడు. అసలు తంటా అదే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అది, ఆ నమూనా తెచ్చుకునే మన వాళ్లు అంబాసిడరు కట్టారు, అదే బానెట్, అదే డిక్కీ, అదే గుండ్రటి కళ్లు, కలెక్టరు దగ్గర నుంచి అరకు స్టేషను ముందు టాక్సీ వరకు అందరి దగ్గరా ఉన్న బండే. ఇది దాని తల్లి అని ఎంతమందికని చెప్తుంది. చెప్తే మాత్రం, తల్లీ పిల్లా పక్కపక్కన నిలబడితే జనం కొత్తగా కనపడే దాన్నే చూస్తారు. తేడా ఒకటే, ముందు బిళ్ల మీద నీళ్లు దాటుతున్న ఎద్దు బొమ్మ. హార్బరులో ఆ బొమ్మ మీద సముద్రపు ఉప్పు పేరుకుని ఉంటే తన చీర కొంగుతో తుడిచింది, ఆ తుడవడం ఈయన చూశాడు, చూసి ఏదో అనుకున్నాడు, ఆ అనుకున్నదే కాస్త పెరిగి ఇక్కడి దాకా వచ్చిందేమో. కాదు, దానివల్ల కాదు. ప్రార్థన వల్ల వచ్చింది.

ప్రార్థన తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, ఆ రోజు చెవులు మండాయి. అరకు నుంచి రైల్లో చర్చి సంఘం వాళ్లు దిగారు, పూల దండలతో, కంజీరాతో, ఎలీయేజరు తెల్ల పంచె కట్టుకుని ముందు నడుస్తూ. కొత్తది ఏది ఇంటికి వచ్చినా, కుట్టుమిషనైనా, మేకైనా, ముందు దాని మీద చెయ్యి పెట్టి దేవుడికి అప్పజెప్పందే వాళ్లు వాడరు, అది సంఘంలో పద్ధతి, ఆ పద్ధతి షెడ్డులో కూడా కావలసి వచ్చింది. అధికారులుంటారు, తరవాత చేద్దాం అని ఆమె చెవిలో చెప్పింది. దేవుడికంటే పెద్ద అధికారులేటి అప్పా అన్నాడు వాడు. బానెట్ మీద చెయ్యి పెట్టాడు, కళ్లు మూశాడు. ఏమీ లేని ఈ దాసురాలికి రాజుల రథములకంటె శ్రేష్ఠమైన రథమును అనుగ్రహించిన ప్రభువా అన్నాడు, ఈ లోకములో ఎవడును వెలకట్టలేని ఈ వాహనమును నీ చేతికి అప్పగించుచున్నాము అన్నాడు, సంఘం ఆమెన్ అంది. గణపతిరావు గారు మర్యాదకి తల వంచుకుని నిలబడ్డారు. వెలకట్టలేని అన్న చోట ఆయన ఒక కన్ను తెరిచారు. ప్రార్థన అయ్యాక ఆయన బండి చుట్టూ ఇంకోసారి తిరిగారు, మొదటిసారి తిరిగినట్టు కాదు, చేతులు వెనక్కి కట్టుకుని తిరిగారు, వెలకట్టలేని వాటికి వెల కట్టడమే మేడమ్ మా ఉద్యోగం అన్నారు. అప్పటిదాకా ఆ ఫైలు మీద అనుమానం లేదు. ఆ సాయంత్రం అనుమానం పుట్టింది, పై అధికారి దగ్గరికి పోయింది, బండి తీసుకెళ్లమన్నారు కానీ విలువ తేలే దాకా హామీ మీద అన్నారు, బండి రోడ్డు మీద ఎలా నడుస్తుందో ఒకసారి చూసి రమ్మని ఈయన్ని పంపారు, ఎలాగూ బొర్రా గుహలు చూడలేదు అని ఈయన సరేనన్నాడు. తమ్ముడు తన కోసమే చేశాడు. చేసింది ప్రేమతోనే. ఈ కొండల్లో సంతలో మేకని అమ్మేవాడు కూడా కొనేవాడి ముందు దాన్ని పొగడడు, దిష్టి తగులుతుందని, ప్రార్థనలో మాత్రం పొగడొచ్చు, ప్రార్థనలో ఎంత పొగిడినా దిష్టి తగలదని సంఘం వాళ్ల నమ్మకం. తగలదు. సుంకం తగులుతుంది.

అంత జరిగినా వాడు మారలేదు. ఇందాక బొంగు దగ్గర బండి ఆగగానే దేముడమ్మ, టాక్సీయే కదా, ఇరవై ఇచ్చి పోండి అంది. ఇరవై సంచిలోంచి తీసి చేతిలో పట్టుకుంది మగ్దలేనమ్మ. వెనక కిటికీలోంచి వాడి తల బయటికి వచ్చింది.

"టాక్సీ అనుకున్నారేటి పిన్నీ? లండన్ నుంచి ఓడ మీద దిగింది ఇది! మన జిల్లాలో ఇంకోటి నేదు!"

"ఓలమ్మ, ఫారినా? అయితే వంద."

అప్పుడే రేడియేటరు ఉడికింది. వాడి మాటకే ఉడికిందేమో. ఎలాగూ చల్లారే దాకా కదలకూడదు, చల్లారే దాకా బేరం ఆడుకోవచ్చు అన్నట్టు ఆడవాళ్లు రోడ్డు పక్కన కూర్చున్నారు, ఇద్దరు పిల్ల గుంటలు బిందెలు తీసుకుని ఊట దగ్గరికి పోయారు. బొంగు పక్కన కుండ ఒకటి ఉంది. గణపతిరావు గారు దాని వంక చూస్తున్నారు. తాగే నీళ్లనుకున్నారో ఏమో, అది పేడ నీళ్లు, వేటకి పోయి ఏమీ తేకుండా వచ్చిన మగాడి మీద చల్లడానికి పెట్టారు. చెప్పాలి ఆయనకి. తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. తరవాత చెప్దాం.

గాలి వస్తోంది, కింద లోయలోంచి వస్తోంది, సిల్వర్ ఓక్ ఆకుల కింద కాఫీ పూత వాసన ఉంది అందులో. ఆ దేశంలో ఈ వాసన లేదు, అక్కడ వాన వాసన, ఆస్పత్రి ఫినాయిలు, తడిసిన ఉన్ని. ఆస్పత్రి వెనక ఏటవాలు రోడ్డులో మేట్రన్ నేర్పింది డ్రైవింగు, నీకు కొండలు అలవాటేగా మ్యాగీ, ఇక భయం దేనికి అంది. కొండలు అలవాటే, కాళ్లతో అలవాటు, చక్రాలతో కాదు. మొదటిసారి పరీక్షలో తప్పింది, ఏటవాలులో ఆపి మళ్లీ ఎత్తమంటే బండి వెనక్కి పోయింది, పరీక్ష పెట్టేవాడు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. రెండోసారి పాసయింది. రిటైరయ్యే రోజు మేట్రన్ తాళం చేతిలో పెట్టి, కళ్లు సరిగా కనపడట్లేదు, నువ్వు తీసుకో అంది, ఊరికే ఇవ్వలేదు, డబ్బు పుచ్చుకుంది, పుచ్చుకోవడమే నచ్చింది మగ్దలేనమ్మకి, జీవితంలో ఊరికే వచ్చినవన్నీ ఎవరో ఒకరు తరవాత గుర్తు చేసినవే. మిషను బడి ఊరికే. మిషను గౌను ఊరికే. బండి మాత్రం కొనుక్కుంది. అక్కడే అమ్మేసి ఆ డబ్బుతో ఇక్కడ మారుతి కొనుక్కో అప్పా, ఇంకా డాబా మీద గది వేసుకోవచ్చు అని వీడు ఉత్తరం రాశాడు. లెక్క ప్రకారం వాడి మాటే నిజం. ఎందుకు తెస్తున్నావని అక్కడి వాళ్లూ అడిగారు, ఇక్కడి వాళ్లూ అడిగారు, ఎవరికీ సరైన జవాబు చెప్పలేదు, పేషెంట్లని తీసుకెళ్లడానికి అని ఒకసారి చెప్పింది, అది విని అందరూ తృప్తిపడ్డారు, అందుకే అదే చెప్పుకుంటూ వచ్చింది. అబద్ధమేమీ కాదు, మొన్న ఒక పిల్లకి నొప్పులొస్తే ఇందులోనే ఆస్పత్రి దగ్గర దించింది. అయినా తెచ్చింది దానికి కాదు.

తెచ్చింది ఈ మలుపు కోసం. ఇప్పుడు ఎవరైనా అడిగితే చెప్తుంది. ఈ మలుపులో ఇదే రోజుల్లో ఇలాంటి బొంగుకి ఇదే తాడు పట్టుకుని నిలబడ్డారు తనూ దేముడమ్మా, తొమ్మిదేళ్లో పదేళ్లో, అప్పటికి నాన్నకి అరకు మిషను తోటలో పని దొరకలేదు, వాళ్ల ఇల్లు ఈ కింద ఊళ్లోనే. పజోరుకి మన పిల్లలు పోకూడదు, అది అన్యుల పండగ అని ఉపదేశి గారు ఆదివారం చెప్పారు, సోమవారం ఆమె ఇక్కడ ఉంది. మిషను డాక్టరమ్మ జీపు వచ్చింది. అందరిలాగే ఆపారు. డాక్టరమ్మ లోపల కూర్చుని ఉంది, టోపీ, కళ్లజోడు, డాక్టరమ్మ చూపు తాడు పట్టుకున్న గౌను మీద పడింది, ఆ గౌను మిషనుది. తిట్టకుండా డబ్బు బిళ్ల ఇచ్చింది, దాంతో పాటు తియ్యటి గోళీ ఒకటి ఇచ్చింది, అప్పుడు తనకి కావలసింది గోళీ కాదు, ఆ సీటు. లోపల నుంచి చూస్తే ఈ బొంగు ఎలా ఉంటుంది, పైకి లేస్తుంటే ఎలా ఉంటుంది, అది చూడాలి. చింతపండు మూట నెత్తిన పెట్టుకుని శృంగవరపుకోట సంతకి దిగినప్పుడల్లా, ఉప్పు కొనుక్కుని ఎక్కినప్పుడల్లా, పక్క నుంచి జీపు పోయినప్పుడల్లా, దుమ్ము మొహం మీద నుంచి తుడుచుకుంటూ అదే. ఇదిగో ఇప్పుడు చూస్తోంది. బొంగు లోపల నుంచి అంత గొప్పగా ఏమీ లేదు. వెదురు. దాని మీద చీమలు పోతున్నాయి. నవ్వొచ్చింది ఆమెకి, కానీ ఇంకా లేవలేదు కదా, లేచేటప్పుడు చూద్దాం.

దేముడమ్మ లేచి బండి చుట్టూ ఒక తిరుగుడు తిరిగింది. హార్బరులో గణపతిరావు గారు తిరిగినట్టే, చేతులు వెనక్కి కట్టుకుని. కాలుతున్న పోచుట్టని నోట్లోంచి తీసి ముందు బిళ్ల దగ్గర వంగింది. దేముడమ్మ పక్కనే చిన్నమ్మలు ఉంది, కోడలు, పోయినేడే ఈ ఊరికి వచ్చిన పిల్ల.

"ఎద్దుందత్తా దీనికి," అంది చిన్నమ్మలు. "ఎడ్లబండి రేటు కట్టేద్దుమా?"

"ఒక్కెద్దుతో ఘాటీ ఎక్కదే. అందుకే పొగలొత్తంది." దేముడమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. "ఓలే మగ్దలీ, నీది మనూరే, కాదన్ను. పజోరు పజోరే. ఫారిన్ బండికి వంద."

మగ్దలేనమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. గణపతిరావు గారు ఆగమన్నట్టు చెయ్యి అడ్డం పెట్టారు. తలుపు తీసుకుని దిగారు. తలుపు మొదటిసారి రాలేదు, భుజంతో నెట్టారు. అలవాటు, అనుకుంది ఆమె తరవాత, పాతికేళ్ల అలవాటు, ఎవరైనా ఒక విలువ చెప్తే ఈయన ఊరుకోలేడు, చెప్పింది నిజమైనా సరే చూసి తీరాలి. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నారు. దేముడమ్మా ఆయనా ఎదురెదురుగా నిలబడ్డారు, ఇద్దరూ ఒకే రకంగా.

"ఏ లెక్కన వంద అంటున్నావమ్మా?"

"ఫారిన్ లెక్కన."

"ఫారిన్ అయితే సరిపోతుందా? కండిషన్ చూడొద్దా? ఇటు రా." ఆయన బానెట్ మీద వేలితో కొట్టారు. "ఇది చూడు, ఇక్కడ రంగు మూడుసార్లు వేశారు. ఇక్కడ తుప్పు, మాస్టిక్ పెట్టి కప్పారు. తలుపు రాదు. లోపల సీటు చిరిగితే దుప్పటి కుట్టారు. టైర్లు అసలువి కావు. ఘాట్ సగం ఎక్కేసరికి రేడియేటరు ఉడికింది. దీనికి వందేమిటి?"

రంగు రెండుసార్లే. మూడోసారి వేసింది ఒక్క మడ్‌గార్డుకే. తుప్పు ఉప్పుగాలికి పట్టింది, మీ షెడ్డులో పట్టింది సార్. దుప్పటి కుట్టింది నేనే, అది చిరిగి కాదు, చలికి. నాలిక చివరి దాకా వచ్చాయి అన్నీ, కన్నబిడ్డని సంతలో నిలబెట్టి పళ్లు చూస్తున్నట్టు ఉంది, మొన్నటి దాకా హార్బరులో అందరూ చెప్పింది ఇదే కదా, అమ్మా కాస్త తుక్కు అని చెప్పండి, ఒక్క మాట, బయటపడిపోతారు, చెప్పలేకపోయింది, నోరు రాలేదు, ఇప్పుడు ఆ మాట ఆయనే అంటున్నాడు, ఒకటొకటిగా అంటున్నాడు, వేలు పెట్టి చూపించి అంటున్నాడు, ఊరుకో, మగ్దలీ, ఊరుకో. అద్దంలో వెనక సీటు చూసింది. ఎలీయేజరు మొహం ఎర్రబడింది. నోరు తెరవబోతున్నాడు. పొగడబోతున్నాడు. అద్దంలోంచే వాడి వంక చూసింది, రాత్రి వార్డులో మాట్లాడే పేషెంటుని చూసే చూపు, ఆ చూపుకి ఆ దేశంలో వార్డు మొత్తం నిద్రపోయేది. వాడు నోరు మూశాడు. కళ్లు కూడా మూసుకున్నాడు. ప్రార్థన మొదలుపెట్టాడేమో, లోపల ఎంతైనా చేసుకోనీ.

దేముడమ్మ అంతా విన్నది. తుప్పు మీద చెయ్యి పెట్టి చూసింది. టైరుని కాలితో తన్నింది. తలుపు తీసి వేసింది, అది రెండోసారికి గానీ పడలేదు.

"నువ్వు సెప్పింది నిజమే బాబూ. తుక్కే." పోచుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుంది. "మరి ఈ తుక్కు కోసరం ఇంత దూరం ఏటికొచ్చినావు?"

ఊట దగ్గర్నుంచి బిందెల చప్పుడు వచ్చింది. గణపతిరావు గారు తన వేలు ఇంకా బానెట్ మీదే ఉండటం చూసుకున్నారు. తీసేశారు. ముందు ఆయన భుజాలు కదిలాయి, తరవాత నవ్వు వచ్చింది, ఆఫీసులో నవ్వే నవ్వు కాదు, ఇంట్లో నవ్వే నవ్వు అనుకుంటా, జేబురుమాలు తీసి కళ్లు తుడుచుకున్నారు.

"మేడమ్," అన్నారు కిటికీ దగ్గరికి వచ్చి, "పాత కార్లు పోగేసేవాళ్లని నేను చూశాను. వాళ్లు వాటిని గదిలో పెట్టి గుడ్డ కప్పుతారు. ఘాట్ ఎక్కించి ఉడికించరు. ఇది నడుపుకునే బండి. వాడిన పాత బండి. అలాగే రాస్తాను."

అలాగే రాస్తాను. ఆ మాట చెవిలో పడింది, లోపలికి పోవడానికి కొంచెం సేపు పట్టింది, ఆలోగా ఆమె స్టీరింగు మీద దుమ్ము కొంగుతో తుడిచింది, తుడవకూడదేమో అనుకుని ఆపింది, ఇక తుడవొచ్చు అనుకుని మళ్లీ తుడిచింది. సంతకి పోవచ్చు. సుంకరమెట్ట దాకా పోయి ఊరికే వెనక్కి రావచ్చు. థాంక్యూ సార్ అని చెప్పాలి, చెప్పబోయింది, ఈలోగా బయట దేముడమ్మ అడుగుతోంది.

"అంటే బాబూ, నువ్వు ఏటాడ వొచ్చింది దొరకనేదన్నమాట."

"దొరకలేదమ్మా," అన్నారు గణపతిరావు గారు, నవ్వుతూనే. "ఒట్టి చేతులే."

చెప్పాల్సింది. పొద్దున్నే చెప్పాల్సింది, కుండ చూసినప్పుడైనా చెప్పాల్సింది. ఒట్టి చేతులే అన్న మాటకి ఆడవాళ్లంతా ఒక్కసారి లేచారు, చిన్నమ్మలు కుండ ఎత్తింది, సార్ అని మగ్దలేనమ్మ అరిచేలోపే అయిపోయింది. తెల్ల చొక్కా ముందు భాగమంతా ఆకుపచ్చ. ఎలీయేజరు కళ్లు తెరిచి, చూసి, ఆమెన్ అన్నాడు. ఈసారి ఆయన కోప్పడతారు అనుకుంది, రాసిన మాట చెరిపేస్తారు అనుకుంది, ఇంకా రాయనే లేదు కదా అనుకుంది. గణపతిరావు గారు చేతులు రెండూ పక్కకి చాపి నిలబడి తన చొక్కా చూసుకున్నారు.

"ఇదేమిటమ్మా?"

"ఒట్టి సేతుల్తో వొచ్చినోడి పజోరు. దీనికీ రసీదు కావాలా?"

"వద్దు," అన్నారాయన. "కనపడుతూనే ఉంది."

ఊట ఎక్కడో అడిగి కడుక్కోవడానికి పోయారు. గుంటలు తెచ్చిన నీళ్లు ఎలీయేజరు రేడియేటరులో పోశాడు, మూత చల్లబడింది, చెయ్యి కాలలేదు, చూశావా మేట్రన్. మగ్దలేనమ్మ బండి దిగింది. సంచిలో ఇరవై పక్కన పెట్టి వంద కాగితం తీసింది, మడిచి దేముడమ్మ చేతిలో పెట్టింది. దేముడమ్మ మడత విప్పి చూసింది.

"అంబాసిడరుకి ఇంతేటే?"

"అంబాసిడరేటే?" అంది మగ్దలేనమ్మ, ముప్ఫై ఏళ్లు వాడని యాసలో. "దాని అమ్మ ఇది."

దేముడమ్మ ఆమె మొహంలోకి చూసింది. తుక్కు కోసం ఎందుకొచ్చావని దేముడమ్మ ముందే తెలిసి అడిగిందా, ఊరికే అడిగిందా, అడిగినా చెప్పదు, చిన్నప్పుడు ఉపదేశి గారు అడిగినా చెప్పలేదు ఎవరు తాడు పట్టుకున్నారో. కాగితం రొండిన దోపుకుంది. పాట ఎత్తుకుంది, మిగతావాళ్లు చేతులు కలిపి కాళ్లు కదిపారు, చిన్నమ్మలు మధ్యలో. గణపతిరావు గారు తడి చొక్కాతో వచ్చి సీటు మీద దుప్పటి వంక చూసి సందేహించారు. ఫరవాలేదు సార్, పాత బండి అంది. కూర్చున్నారు. తలుపు రెండోసారికి పడింది. ఎంత ఇచ్చారు మేడమ్ అని అడిగారు. అబద్ధం చెప్పడం ఆమెకి రాదు, వస్తే జనవరిలోనే వచ్చేది.

"వంద."

"అంబాసిడరుకి ఇరవయ్యే కదా?"

"మిగతాది ఎద్దుకి సార్."

ఆయన బానెట్ చివర బిళ్ల వంక చూశారు. దేముడమ్మ తాడు వదిలింది, రాయి కిందికి పోయింది, బొంగు పైకి లేచింది, లోపల నుంచి చూస్తే లేచేటప్పుడు దాని మీద చీమలు కూడా లేచాయి, దాని కింద నుంచి ఆకాశం కనపడింది, తరవాత రోడ్డు, ఇదా, అనుకుంది మగ్దలేనమ్మ, ఇదే, బాగానే ఉంది. ఏటవాలులో బండి వెనక్కి పోకుండా ఎత్తింది. గేరు మార్చింది. ఎలీయేజరు వెనక నుంచి, అప్పా, వెలకట్టలేని అనడం నా తప్పే అన్నాడు, తప్పేం లేదురా, నీకు తెలిసింది నువ్వు చెప్పావు అంది. అనంతగిరి వైపు మలుపు తిరిగారు. ఎదర రోడ్డుకి అడ్డంగా ఇంకో బొంగు, ఇంకో తాడు, ఇంకో కుండ. ఎలీయేజరు కిటికీ వైపు జరిగాడు. వాడు నోరు తెరిచేలోపు గణపతిరావు గారు తన కిటికీ అద్దం గబగబా దించి, తడి చొక్కాతో నడుము దాకా బయటికి వంగి, చెయ్యి ఊపుతూ అరిచారు.

"అంబాసిడరమ్మా! అంబాసిడరే! పాత బండి!"

మగ్దలేనమ్మ హారన్ కొట్టింది.